దుమ్ము కనబడే డబ్బా

ఆ ఉదయం ఆకాశం మబ్బు పట్టిందే గాని చినుకు రాల్చలేదు. నౌపడ నుంచి వచ్చిన భార్యాభర్తలు శ్రీకాకుళంలో వాక్యూమ్ క్లీనర్లు అమ్మే కొట్టులో నిలబడ్డారు.

“దుమ్ము సంచీ లేని మిషనే కొందామే. సంచీ నిండిపోతే కొత్తది మనూర్లో ఎక్కడ దొరుకుతాది?”

“వద్దు బావా. దానికి అద్దం డబ్బా ఉన్నాది. దుమ్మంతా పైకే కనిపిస్తాది.”

“కనిపిస్తే ఏటి?”

“ఆదివారం మీ అక్క వస్తాది. డబ్బా సూసి, ఇంత దుమ్ములో ఉంటన్నారని ఊరంతా సెప్తాది. సంచీదైతే గుట్టుగా ఉంటాది.”

“సంచీ కావాలన్నప్పుడల్లా బస్సెక్కి రావాలే!”

ఆమె డబ్బాను చాలాసేపు చూసింది.

“సరే, డబ్బాదే కొను. ముందు సీపురుతో ఇల్లంతా తుడిసేసి, తర్వాత మిషను పెడతాను. డబ్బా తళతళలాడతాది.”

“మరి మిషనెందుకే?”

“మీ అక్క సూడ్డానికి.”

బస్టాండులో మిషను పెట్టెను మధ్యన పెట్టుకుని, ఇద్దరూ తెచ్చుకున్న చద్దన్నం తిన్నారు.