తీయరాదు: మా టేపు మాస్టారికి వీడ్కోలు

పంతొమ్మిది వందల తొంభై ఒకటో సంవత్సరం జూన్ మూడో తేదీ, సోమవారం ఉదయం, నగర నీటి సరఫరా కార్యాలయంలో సాంకేతిక సహాయకులుగా విధుల్లో చేరిననాటికి మాస్టారికి ఈ పేరు లేదు. చేరిన వారంలోనే ఆయన కంట్రోలు గదిలో వేలాడుతున్న స్విచ్చి బోర్డును పసుపు టేపుతో బిగించి, దానిమీద నల్ల సిరాతో ‘తీయరాదు’ అని రాశారు. ఆ టేపును ఈనాటికీ ఎవరూ తీయలేదు. ‘టేపు మాస్టారు’ అన్న పేరు మాత్రం ఆయనకు ఆనాడే అతుక్కుపోయింది.

అటుపైన పర్యవేక్షకులుగా, కంప్యూటరు విభాగాధిపతిగా అంచెలంచెలుగా ఎదిగిన కాలంలోనే మా కార్యాలయానికి ఒక కంప్యూటరు వచ్చింది. ఏ వీధికి నీళ్ళు ఆపాలంటే ఏ వాల్వు తిప్పాలో చెప్పే పటం యావత్తూ అందులోనే ఉంది. ఆ పటాన్ని చూపే ప్రోగ్రాము రాసినవారు ఏనాడో దుకాణం కట్టేశారు. అది కొత్త యంత్రాల మీద నడవదు. పాతదేమో అలిగితే మాస్టారి చెయ్యి పడందే లేవదు. అందుకని ఎవరో పుణ్యాత్ములు పక్కనున్న బీరువా తలుపు మీద ఆయన ఇంటి ఫోను నంబరును ఇంతింత అక్షరాలతో రాసిపెట్టారు. సెలవైనా, జ్వరమైనా ఆ ఫోను మోగేది. ఎత్తేది ఆయన సతీమణి. తొలినాళ్ళలో “ఉన్నారండీ, పంపిస్తాను” అనేవారు. పోనుపోను “మళ్ళీనా?” అనడం మొదలుపెట్టారు.

పదవీ విరమణకు నెల ముందు ఆ కంప్యూటరు డిస్కు మూలగడం ఆరంభించింది. తాను దిగిపోయాక ఆఫీసు నుంచి ఒక్క ఫోను కూడా రాదని మాస్టారు ఇంట్లో మాట ఇచ్చి ఉన్నారు. ఆ మాట నిలవాలంటే ఒకటే దారి: డిస్కులో ఉన్నదంతా నకలు తీసి, కొత్త సర్వరులో వర్చువల్ మెషీనుగా, అంటే కంప్యూటరు లోపల కంప్యూటరుగా, నడపడం. కథల్లో పరకాయ ప్రవేశం అంటారే, అదే. శరీరం కొత్తది, ప్రాణం పాతది. కొత్తగా చేరిన ఇంజనీరమ్మ తోడుగా ఆయన పనికి పూనుకున్నారు.

ప్రాణం రాలేదు. నల్లటి తెర మీద, బూట్ కావడానికి, అంటే నిద్ర లేవడానికి, కావలసిన ఫైలు లేదని ఒక్క వాక్యం. సెట్టింగులు మార్చారు, అదే వాక్యం. నకలు చెడిందేమోనని మళ్ళీ తీశారు, అదే వాక్యం. అసలు కంప్యూటరేమో పక్కనే రోజూ లక్షణంగా లేస్తోంది. అభినందన వ్యాసాల్లో ‘సహనమూర్తి’ అని రాయడం ఆనవాయితీ. ఆ వారం మాస్టారిని చూసిన వారెవరికీ ఆ మాట రాయడానికి చెయ్యి రాదు.

“అసలు బాగానే ఉంది కదమ్మా, నకలుకేం రోగం?” అని ఆయన బల్ల చరిచారు.

“ఇంకోసారి కాపీ తీస్తే ఆ డిస్కు అక్కడే కన్నుమూస్తుంది మాస్టారూ. అప్పుడు అసలూ ఉండదు, నకలూ ఉండదు” అంది ఇంజనీరమ్మ.

ఆ సాయంత్రం ఆయన ముఖం వేలాడేసుకుని భోజనానికి కూర్చున్నారు.

“ఇంకా లేవలేదా మీ ముద్దుల డబ్బా?” అన్నారు సతీమణి.

“లేవలేదు. నా తల తింటోంది.”

“ఇప్పుడా? అమ్మాయి పెళ్ళినాడే తినేసింది. ఫోటో అబ్బాయి అందర్నీ నిలబెట్టి, నాన్నగారేరీ అంటే ఏం చెప్పను? ఆఫీసులో కంప్యూటరు నిద్ర లేవలేదట, లేపడానికి వెళ్ళారు అన్నాను. అందరూ ఒకటే నవ్వు. భోజనాలన్నీ అయ్యాక తీరిగ్గా వచ్చారు. పైగా ఏమన్నారు? ఏదో ఫ్లాపీ ఒకటి దూర్చి లేపేశాను, సోమవారం వెళ్ళి సరిగ్గా బాగుచేస్తాను అన్నారు. ఏదీ ఆ సోమవారం?”

మాస్టారి చేతిలో ముద్ద చేతిలోనే ఉండిపోయింది. వెయ్యోసారి విన్న ఆ నిష్ఠూరాన్ని ఆయన మొదటిసారి శ్రద్ధగా విన్నారు.

మర్నాడు కార్యాలయం తెరవగానే ఆయన పాత కంప్యూటరు ముందు వంగి చూశారు. ఫ్లాపీ పెట్టే చోట పసుపు టేపు. దానిమీద ఆయన చేతిరాతే, ‘తీయరాదు’. టేపు కింద ఆ ఫ్లాపీ అలాగే ఉంది. డిస్కు తనంతట తాను లేవడం పెళ్ళినాడే మానేసింది. ఇన్నేళ్ళుగా రోజూ ఆ ఫ్లాపీ చెయ్యిపట్టుకునే లేస్తోంది. వీళ్ళు డిస్కును మాత్రమే నకలు తీసి, ఫ్లాపీని వదిలేశారు. టేపును ఇంజనీరమ్మ కూడా చూసింది. అయితే పసుపు టేపు కింద ఏముందని మా ఆఫీసులో ఎవరూ అడగరు.

“రోగం అసలుకేనమ్మా. అంటించిందీ నేనే, మరిచిందీ నేనే. తిట్టాలనుంటే తిట్టు.”

“తిట్టను మాస్టారూ. మీ టేపు ఇంకా ఎక్కడెక్కడుందో చెప్పి మరీ వెళ్ళండి, చాలు.”

ఫ్లాపీని కూడా నకలు తీసి జతచేయగానే నల్ల తెర పోయి, తెల్ల అక్షరాలతో, కంప్యూటరు మధ్యలో చతికిలబడిందని చెప్పే నీలి తెర వచ్చింది. ఇంజనీరమ్మ తల పట్టుకుంది. మాస్టారు మాత్రం పసిపిల్లాడిలా చప్పట్లు కొట్టారు. “లోపలిదాకా వచ్చిందమ్మా! ఇల్లు గుర్తుపట్టింది, తలుపే గుర్తుపట్టలేదు!” అన్నారు. కొత్త సర్వరు చూపిస్తున్న డిస్కు రకం ఆ పాత ప్రాణానికి తెలియదు. దాన్ని పాతరకానికి మార్చగానే వాల్వుల పటం నిండుగా తెరుచుకుంది. ఆ తరువాత మాస్టారు ఫ్లాపీలోని ఫైళ్ళను నకలు డిస్కులోకే ఎక్కించి, ఫ్లాపీ అవసరమే లేకుండా చేశారు. ఎన్నడో రావలసిన సోమవారం, దిగిపోయే నెలలో వచ్చింది.

వీడ్కోలు సభకు ముందు ఆయన స్వహస్తాలతో పాత కంప్యూటరును ఆపారు. ఫ్యాను చప్పుడు ఆగాక గది బోసిపోయింది. ఆయన కళ్ళు చెమర్చాయి, దాచుకోలేదు. సతీమణి మాత్రం బీరువా తలుపు కేసి చూస్తున్నారు.

“ఇది మా ఇంటి నంబరు కదూ?”

ఆవిడ భర్త జేబులోంచి పసుపు టేపు తీసి, ఆ నంబరు మీద ఈ చివర నుంచి ఆ చివరకు అంటించారు. ఇంజనీరమ్మ దగ్గర కలం అడిగి తీసుకుని, దానిమీద గుండ్రటి అక్షరాలతో ‘తీయరాదు’ అని రాశారు. అటుపైన బృంద ఛాయాచిత్రానికి అందరూ నిలబడగా, “సారేరీ?” అని ఫోటో అబ్బాయి అడిగాడు.

ఆవిడ మాస్టారి మోచెయ్యి గట్టిగా పట్టుకుని, “ఇక్కడే ఉన్నారు బాబూ. కానివ్వు” అన్నారు.

మాస్టారు సతీసమేతంగా, సంపూర్ణ ఆయురారోగ్యాలతో, చిరకాలం నిశ్చింతగా జీవించాలని మా కార్యాలయ సిబ్బంది యావన్మందీ మనసారా ఆకాంక్షిస్తున్నాము. ఇకపై ఆ ఇంటి ఫోను కూతురి కోసం, అల్లుడి కోసం, మనుమల కోసం మోగుగాక. ఆవిడ అంటించిన ఆ టేపును, ఊరంతా నీళ్ళు ఆగిపోయినా సరే, మేమెవ్వరమూ తీయము.