పళ్ల డాక్టరు పనిముట్లు ఒస్నియెల్ సంచిలోకి ఎలా వచ్చాయి

నా పేరు లిసార్దో పెన్యా. వయసు అరవై మూడు. ఉండేది క్యూబా దేశం, మన్సానియో పట్టణం. ఇరవై తొమ్మిదేళ్లు భౌతికశాస్త్రం చెప్పి రిటైరయ్యాను. నా భార్య డాక్టర్ నెరైదా కబ్రేరా, దంతవైద్యురాలు. ఈ ఏడాది, 2024 మే 26న చనిపోయింది. ఇంట్లో ఒక్కడినే ఉంటాను. ఎవరూ పిలవకుండా నా అంతట నేనే వచ్చి, ఈ రోజు సెప్టెంబరు 3, ఉదయం 9:10కి, పోలీసు లెఫ్టినెంట్ యానిసెత్ గారికి ఈ సంగతులు చెబుతున్నాను.

నిన్న ఉదయం 10:15కి ఒస్నియెల్ రూస్ అనే రిపేరు పనివాడిని పోలీసులు తీసుకువచ్చారు. అతను తన ఇంటి గుమ్మంలో బల్ల వేసుకుని ఫోన్లు, లాప్‌టాప్‌లు బాగుచేస్తాడు. అతని సంచిలో పళ్లు చూసే ఉక్కు కొక్కేలు ఆరు దొరికాయి. వాటి పిడులమీద దంతవైద్యశాల నంబర్లు ఉన్నాయి. అవి దొంగసొత్తు అని అతన్ని నిలిపి ఉంచారు. అతను దొంగిలించలేదు. నేనిచ్చాను.

ఎందుకిచ్చానో చెబుతాను.

మార్చి 10, ఆదివారం, పోయిన కరెంటు సాయంత్రం 4:20కి వచ్చింది. వస్తూనే ఓల్టేజీ ఎక్కువై నెరైదా ఆక్సిజన్ యంత్రం చెడిపోయింది. అది లేకుండా పడుకుంటే ఆమెకు ఊపిరి ఆడదు. ఆమె బల్లమీద మోచేతులు ఆనించి కూర్చుని ఊపిరి తీసుకుంటోంది. నేను ఒస్నియెల్ ఇంటికి పరుగెత్తాను. అతను అన్నం ముందునుంచి లేచి వచ్చాడు.

యంత్రం మరలు నక్షత్రం గాడితో, మధ్యలో చిన్న పొడుపుతో ఉన్నాయి. వాటికి సరిపడే పనిముట్టు అతని దగ్గర లేదు. మా సైకిల్ చక్రంలోంచి ఒక పుల్ల తీసి, మొన ఆకురాయితో అరగదీసి, దానితో ఐదు మరలు విప్పాడు. ఆరోదానికి పుల్ల విరిగింది. ఆ మరను తొలిచేశాడు. లోపల కాలిన భాగం తీసి, పాత లాప్‌టాప్ చార్జరులోంచి ఒకటి పెట్టి అతికించాడు.

నెరైదా చూస్తూ కూర్చుంది. "అంతసేపు దాని నోరు తెరిచి ఉంచకు నాయనా, దవడ నొప్పెడుతుంది" అంది.

"మత్తిచ్చాను డాక్టరమ్మా, ఏడవదు" అన్నాడు.

7:40కి యంత్రం నడిచింది. ఆ రోజు ఆమె పడుకుని నిద్రపోయింది. తర్వాత పదకొండు వారాలు పడుకునే నిద్రపోయింది. ఒస్నియెల్ కాఫీ తప్ప ఏమీ తీసుకోలేదు.

అతనికి మంచి పనిముట్ల పెట్టె ఒకటి ఇవ్వాలనుకున్నాను. జూలై 6, శనివారం, సరుకులు కొనుక్కురావడానికి పనామా వెళ్లిన నెరైదా చెల్లెలు మిగ్దాలియా అక్కడి దుకాణంలో నిలబడి వీడియో కాల్ చేసింది. నేను అప్పటికే ఒకటి ఎంచాను. నూట నలభై రెండు ముక్కలు, నల్లపెట్టె, ఒక్కో ముక్కకు ఒక్కో గూడు. ఒస్నియెల్‌ను పిలిచి చూపించాను.

అతను నవ్వాడు. "ఇది పెళ్లిలో ఇచ్చే చెంచాల సెట్టు మాస్టారూ. మూత తీసి చుట్టాలకి చూపించుకోవచ్చు."

"ఏం బావా, నూట నలభై రెండూ చాలవా?" అంది మిగ్దాలియా. "మీవాడేమైనా విమానం విప్పుతాడా?"

"విమానానికైతే సుత్తి చాలక్కా" అన్నాడు ఒస్నియెల్. " ఎన్ని ముక్కలని కాదు, మొన గట్టిదా అని అడుగు. మెత్తటి మొన రెండోసారికే గుండ్రమైపోద్ది. మర తల కూడా పాడుచేస్తుంది. ఇక దాన్ని దేవుడు కూడా విప్పలేడు."

ఇన్నేళ్లు ఘర్షణ గురించి పాఠం చెప్పిన నాకు ఆ సంగతి తట్టలేదు.

అతను ఎంచినవి ఇవి: గట్టి ఉక్కు మొనలు ఏడు, పైభాగం వేలికింద తిరిగే పిడి ఒకటి, వంపు పట్టకారు, సన్నని తీగలున్న మీటరు, వేడి నిలకడగా ఉండే సోల్డరింగ్ ఐరన్. మూతలు తెరవడానికి ప్లాస్టిక్ బద్దలు వద్దన్నాడు, పాత ఫోన్ కార్డులు చాలట. మిగ్దాలియా "ఇంతేనా? నా సంచిలో చెప్పుల జత పట్టేంత చోటు మిగిలింది" అని ఆశ్చర్యపోయింది.

"ఇంకొకటి కావాలి, అది దుకాణంలో దొరకదు" అన్నాడు ఒస్నియెల్. లాప్‌టాప్ లోపలి పల్చని తీగపట్టీల గొళ్లేలు ఎత్తడానికి పళ్ల డాక్టర్ల కొక్కెం కావాలి. కొత్తది పనికిరాదు, పదునుకు పట్టీ తెగుతుంది. అరిగిపోయినదే కావాలి. మా ఊళ్లో రిపేరు చేసేవాళ్లందరి దగ్గరా అలాంటిది ఒకటి ఉంటుంది.

నేను నెరైదా సొరుగు తెరిచాను. పద్నాలుగు ఉన్నాయి. ఒక్కొక్కటి బొటనవేలి గోరుమీద గీసి చూసి ఆరు తీసుకున్నాడు. కొన్ని పిడులు ఒకవైపే అరిగి ఉన్నాయి. అటువైపు ఆమె వేలు ఆనేది.

అతను నంబర్లు చూశాడు. "వీటిని అరగదీసేస్తా మాస్టారూ. ఎవరైనా చూస్తే గొడవ."

నేను వద్దన్నాను. అవి వైద్యశాలలో ఆమె పనిచేసిన కుర్చీ నంబర్లు. ఉండనివ్వమన్నాను. అతను నా ముఖం చూసి వాటిని అలాగే సంచిలో వేసుకున్నాడు. నిన్న అతను పట్టుబడింది ఆ నంబర్లవల్ల. తప్పు నాది.

2019 నవంబరు 14న, అరిగిపోయిన ఈ పనిముట్లను ధ్వంసం చేసినట్టు వైద్యశాల కాగితం ఉంది. దానిమీద సంతకం నా భార్యది. కార్బన్ ప్రతి దీనితో జతచేస్తున్నాను. అవి ధ్వంసం కాలేదు. ఆమె ఇంటికి తెచ్చింది. నాకు తెలుసు.

ఇక్కడ లెఫ్టినెంట్ రాయడం ఆపారు. ఆమె ఒకప్పుడు నా విద్యార్థిని. "మాస్టారూ, అవి ఎక్కడివో మీకు తెలీదని చెప్పండి, అలాగే రాసుకుంటాను. మేడమ్ పేరు ఎందుకండీ కాగితం మీదికి? ఊళ్లో సగంమందికి పళ్లు కట్టింది ఆవిడే."

నాకు తెలియదంటే తెలిసినవాడు ఒస్నియెల్ అవుతాడని చెప్పాను. పేరు పూర్తిగా రాయమన్నాను. రాశారు.

నిబంధన ప్రకారం ఆమె చేసింది తప్పే. కాదని నేను అనడం లేదు. కానీ ఆ రోజు వాటిని పారేసి ఉంటే, మా ఇద్దరి తరఫున ఇతనికి ఇవ్వడానికి ఇంట్లో ఏమీ ఉండేది కాదు. పారేయనందుకు ఆమెకు నా కృతజ్ఞత. ఆమె బతికుండగా ఈ మాట చెప్పలేదు, ఎందుకు దాస్తావు ఈ ఇనుము అని విసుక్కున్నాను.

శిక్ష ఏదైనా ఉంటే నాకు వేయండి. ఒస్నియెల్‌ను ఇంటికి పంపించండి. సొరుగులో మిగిలిన ఎనిమిదీ వెంట తెచ్చాను, బల్లమీద పెట్టాను. విచారణ అయ్యాక పద్నాలుగూ అతనికే ఇవ్వాలి.

ఇది మొత్తం నాకు చదివి వినిపించారు. నేను చెప్పింది చెప్పినట్టే ఉంది. ఎవరి ఒత్తిడీ లేదు, దాచినదీ లేదు.

(సంతకం) లిసార్దో పెన్యా
మన్సానియో, ఉదయం 10:35