మూత ఉన్న ఫోటో

సూర్యాపేటలో గోబర్ గ్యాస్ ప్లాంట్లకు సబ్సిడీ ఇచ్చే ఆఫీసు. ప్రవళిక పొద్దున ఏడింటికే తిరుమలగిరి బస్సు దిగింది. సత్యనారాయణ సారు కుర్చీలోకి వచ్చేసరికి పన్నెండు దాటింది.

"మూత లేదని ఒక్క కాయితం రాసియ్యున్రి సార్. గుంత తవ్విన్రు, మూత పెట్టలే. గంతే."

"ఎట్లా రాస్తానమ్మా? ఇదిగో, కంప్యూటర్లో చూడు. ప్రవళిక, భర్త నరేష్. ప్లాంటు పూర్తి, గ్యాస్ మండుతోంది. ఫోటో కూడా ఉంది."

"అది మా ఇల్లు కాదు సార్."

"మనిషివి నువ్వే కదా?"

"నేనే. ఇల్లు మునగాల ఆండాళమ్మది. మా నలుగురిని జీపుల ఎక్కించుకపోయింది మీరే కదా సార్? ఒకరెన్క ఒకరం అదే మూత కాడ, అదే పొయ్యి కాడ నిలవడితిమి. జర నవ్వు అన్నరు గూడ."

"మార్చి ముప్పై ఒకటమ్మా ఆ రోజు. ఫోటోలు పోకపోతే వచ్చిన ఫండ్స్ వచ్చినట్టే వెనక్కి పోయేవి. మీ మంచికేగా చేసింది?"

"మూతలు వారంల వస్తయంటిరి."

"మిర్యాలగూడలో పోత పోస్తున్నారు. వస్తాయి."

"ఇప్పుడెందుకు సార్? పిల్ల పోయి ఇరవై దినాలాయె."

"విన్నా. పాపం."

"ఎస్సై సారు మీరు తీసిన ఫోటో సూసిండు. మూతున్న గుంతల పదకొండు నెల్ల పిల్ల ఎట్ల వడ్డది, మూత అమ్ముకున్నవా, లేకుంటె నువ్వే తీసి పిల్లను నువ్వే ఏసినవా అంటుండు. నేను, సార్. కన్నదాన్ని."

"ఊళ్లోవాళ్లు చెప్పొచ్చుగా?"

"ఎట్ల చెప్తరు? నోరు తెరిస్తే సబ్సిడీ వాపసు కట్టాలెనని మీరే చెప్పి పోతిరంట. మా ఇంట్లోళ్లు చెప్తే అది ఇంట్లోళ్ల మాటాయె."

"చూడమ్మా. నేను కాయితం రాస్తే ఎంక్వైరీ. ఎంక్వైరీ అంటే పని మొత్తం బంద్. మిగతా ముగ్గురికీ మూతలు రావు. వాళ్లకీ పిల్లలున్నారుగా?"

"ఆ ముగ్గురిల వీరమ్మ కోడలికి ఇద్దరు."

"మరి? ఆ ఇద్దరికీ ఏమన్నా అయితే?"

"గట్ల అనకున్రి సార్!"

"అందుకే చెప్తున్నా. ఇదిగో, టైపు చేయించి పెట్టా. మూత పెట్టారు, పేడ పోద్దామని నేనే తీశాను, మళ్లీ పెట్టడం మరిచిపోయాను. మరుపే కదా. ఎస్సైతో నేను మాట్లాడతా."

"నేను మరవలే సార్. గుంత సుట్టు తుమ్మకంప కొట్టిన. నులకమంచం అడ్డం పెట్టిన. రాత్రి నిద్రల గూడ లేసి సూసొస్తుంటి. ఆ ఒక్కపారి బర్రె తాడు తెంపుకున్నదని ఉరికిన…"

"చదువుకున్నావా?"

"తొమ్మిదిల బంద్ చేయిచ్చిన్రు."

"సంతకం వస్తుందిగా."

"వస్తది. గని పెట్ట."

"అయితే వెళ్లు. నాకు భోజనం టైమైంది."

"సార్, సార్… కంప్యూటర్ బంద్ చేయకున్రి."

"మళ్లీ ఏంటి?"

"జర ఇటు తిప్పున్రి. నా సంకల ఉన్నది మా తార సార్. ఏడు నెల్లప్పుడు."

"అయితే?"

"ఫోన్ల ఉన్న ఫోటోలన్ని మా అత్త చెరిపిచ్చింది, సూసుకుంట ఏడుస్తున్ననని. నా దగ్గర ఇంకోటి లేదు. ఆ ఒక్కటి కాయితం మీద తీసియ్యున్రి."

"ఆఫీసు రికార్డు బయటికివ్వకూడదమ్మా."

"మీ కాళ్లు మొక్కుత."

"ఇస్తాలే. కలర్లో ఇస్తా. ముందు ఇక్కడ సంతకం పెట్టు."

"ముందుగాల ఫోటో ఇయ్యున్రి సార్."

"పెడతావా, తాళం వేసుకోనా?"

"పెన్నియ్యున్రి… సార్, అండ్ల మూత రాకుంట, పిల్ల ఒక్కతే వచ్చేటట్టు తియ్యున్రి."