సిలకమ్మకి తెలీని పాము

నెల్లిమర్లలో కిరాణా కొట్టు మీది గది. ఆదివారం మధ్యాహ్నం. చాప మీద అట్టముక్కలతో కట్టిన కోట, పక్కన ఇరవై ముఖాల పాచిక. వైజాగ్ హాస్టల్లో నేర్చుకొచ్చిన ఆటను ఉపేంద్ర నడిపిస్తున్నాడు. తల్లి కన్యాకుమారి సిలకమ్మగా, తమ్ముడు వెంకీ భద్రుడిగా, కథలో తమ మనిషి ఏం చేస్తాడో చెబుతూ ఆడుతున్నారు. ఉపేంద్రకు అప్పటికే ఓపిక అయిపోవచ్చింది.

"అలగ కుదరదురా వెంకీ. మళ్లీ సెప్తన్నాను. నీ భద్రుడు కోట బయట గుర్రాల కాడ ఉన్నాడు. అమ్మ సిలకమ్మ సొరంగంలో ఉన్నాది."

"ఉంటే ఏటి? భద్రుడు పరిగెట్టుకొచ్చి సిలకమ్మని ఆపేస్తాడు."

"ఎందుకాపుతాడు?"

"తలుపెనకాల పామున్నాది గదా."

"ఉన్నాదని నీకు తెలుసు. భద్రుడికి తెల్దు. పోయినాదివారం ఆటలో నీ పాత మనిషి ఒక్కడే ఎల్లి, ఆ తలుపు తీసి, ఆ పాము కాటుకే పోనాడు. ఎవుడొచ్చి భద్రుడికి సెప్పినాడు?"

"కలొచ్చింది."

"గుర్రాలు కాస్తా నిద్రపోనాడేటి?"

"పోనీ, గుర్రం బెదిరింది. దాంతో ఆడికి అనుమానమొచ్చింది."

"గుర్రం బెదిరిందో లేదో సెప్పాల్సింది నాను. ఆట నడిపేది నాను."

"నువ్వే నడుపు. ఆ ఒక్క పాముని పక్కకి నడిపీ."

"అమ్మని సూసైనా నేర్సుకోరా. పోయినాదివారం అమ్మా ఇక్కడే కూకుంది. పాము సంగతి అమ్మకీ తెలుసు. సిలకమ్మకి తెల్దు గాబట్టి బెరుకు లేకండా తలుపు కాడికి నడిసెల్లింది. ఆడితే అలగ ఆడాల."

"మీరు మీరు అరుసుకుంటే సిలకమ్మ ఎంతసేపని సీకట్లో నిలబడతాది? అది దొంగరా నాయనా. లోపల బంగారం ఉన్నాదని ఆశెట్టి తలుపు కాడ ఆపేస్తే ఎలగ? తలుపు తియ్యాలంటే పాచికెయ్యాల గదా, ఇలగియ్యి, వెంకీ. గుప్పిట్లో ఎందుకెట్టుకున్నావు?"

"ఇవ్వను."

"ఇయ్యకపోతే... ఉండు, కింద ఎవులో పిలుస్తన్నారు. మరిడమ్మ గొంతులాగున్నాది. వస్తన్నానే. మీ నాన్న సరుక్కని ఇజీనగరం ఎల్లి ఇంకా రాలేదు. నాను వచ్చీలోపు ఇద్దరూ తేల్సుకోండి."

"మెల్లగా అమ్మా. గోడ పట్టుకోని దిగు."

"దిగిందా, అన్నా?"

"దిగింది. ఏటిరా నీ గోల? పాచిక దాసుకుంటావేటి సిన్నపిల్లడిలాగ?"

"ఆ పాముని తీసీ."

"తీసీలేను. అమ్మకి అనుమానమొస్తాది."

"రానీ. సిలకమ్మ సచ్చిపోయిందని అమ్మ మొకం సూసి నువ్వు సెప్పగలవా? సెప్పు, సెప్పగలవా?"

"ఆటరా ఇది."

"వైజాగ్‌లో డాక్టరు సెప్పినకాడ్నించీ నాకేదీ ఆటలాగ లేదు."

"మెల్లగా. మెట్ల మీదకి వినిపిస్తాది."

"కడుపులో పుండు, మందులకి మానిపోతాదని అమ్మకి సెప్పినాం. ఆయనేమో ఏడాది గడిస్తే గొప్పన్నాడు. ఎంతకాలమని దాస్తాం?"

"నాన్న సెప్పనియ్యలేదు గదా. తెలిస్తే ఆ దిగులుకే పోతాదన్నాడు. నాకు మాత్రం బాగున్నాదనుకున్నావేటి? ఆదివారం ఆదివారం ఈ అట్టముక్కలు మోసుకోని ఎందుకొస్తన్నాననుకున్నావు?"

"మరి పామునెందుకెట్టినావు?"

"ఈ కోట గీసినప్పటికి మనం డాక్టరు కాడికే ఎల్లలేదురా. ఊరుకో, ఊరుకో. వస్తంది."

"మరిడమ్మే. పావుకేజీ సింతపండుకొచ్చి ఊరందరి కబుర్లూ సెప్పి పోనాది. ఏటి, ఇద్దరూ మొకాలు అలగెట్టినారు?"

"ఏటీ లేదమ్మా. కూకో. ఆట మొదలెడతన్నాను. సిలకమ్మ తలుపు మీద సెయ్యేసింది. ఏసీసరికి లోపల్నించి బుస వినిపించింది. పెద్ద బుస. కావాలంటే సిలకమ్మ ఎనక్కి తిరిగిపోవచ్చు."

"ఒరే ఉపేంద్రా, పోయినాదివారం ఈడు తలుపు తీసినప్పుడు బుస లేదే?"

"అప్పుడు లేదు. ఇప్పుడున్నాది."

"ఇప్పటిదాకా తమ్ముడి మీద ఒంటికాలి మీద లెగిసినావు. నా దగ్గరికొచ్చీసరికి నువ్వే తొండి సేస్తన్నావేటి? ఈడికొక నాయం, నాకొక నాయమా? బుస తీసీ. పాచికియ్యి, వెంకీ."

"వద్దమ్మా. లోపల ఏటున్నాదో నీకు తెలుసు గదా. తెలిసి తెలిసి, తెల్దన్నట్టు ఎలగ ఎల్తావు?"

"నువ్వు ఏడస్తన్నావేట్రా?"

"లేదు. సెప్పు. ఎలగ ఎల్తావు?"

"ఎలగేటి. వైజాగ్ నుంచి వచ్చినకాడ్నించీ అలవాటైపోనాది. ఆ రోజు డాక్టరు గది తలుపు సరిగ్గా పడలేదురా."

"అమ్మా..."

"అంతా ఇన్నాను. నువ్వు కూకో, ఉపేంద్రా. కింద బండి సప్పుడైంది, మీ నాన్నొచ్చినట్టున్నారు. ఆయనకి మాత్రం సెప్పకండి. నాకు తెల్దనుకునే ఆయన ఆ నాలుగు మెతుకులైనా తింటన్నారు."