ఆయన బండి దిగేలోగా

భవానీపురంలో ఓ ఇంటి ముందు, శుక్రవారం మధ్యాహ్నం, బానెట్ ఎత్తిన కారు దగ్గర అత్తాకోడళ్ళు.

“అది ముట్టుకోకండి అత్తయ్యా, ప్లస్సు. మనం విప్పాల్సింది మైనస్సు.”

“నేనెక్కడ ముట్టుకున్నానే హేమా. గొడుగు పట్టుకుని నిలబడ్డా. చెప్పులేసుకున్నావా? షాక్ కొడుతుందేమో.”

“వేసుకున్నా. ఆ స్పానర్ ఇలా ఇవ్వండి. అది కాదు, చిన్నది.”

“మీ అన్నయ్య ఫోన్లో చెప్పాడని బ్యాటరీలు విప్పేస్తున్నావు. నాగబాబు తోలేది ట్రాక్టరు. కార్ల సంగతి అతనికేం తెలుసు?”

“ట్రాక్టరుకీ బ్యాటరీ ఉంటుంది. తాళం తీసెయ్యి, మైనస్ తీగ విప్పు, పావుగంట ఆగి మళ్ళీ బిగించు, ఆ ఇంజిను బొమ్మ లైటు ఆరిపోద్ది అన్నాడు.”

“ఆరకపోతే?”

“ఆరాలి. సాయంత్రం మీ అబ్బాయి హైదరాబాద్ బండి దిగుతారు. ఆ పసుపు లైటు చూశారంటే అంతే సంగతులు. ‘వారం రోజులు నీకిచ్చి వెళ్తున్నా, ఏ లైటూ వెలగకపోతే సోమవారం నుంచి తాళం నీదే, వెలిగిందో, పామర్రు కాలేజీకి మళ్ళీ బస్సే’ అన్నారు కదా, మీ ముందే.”

“అన్నాడు. ‘నా చేతిలో ఇన్నాళ్ళుందా, ఒక్క లైటు వెలగలేదు’ అని కూడా అన్నాడు. నాకు మాత్రం బాధ లేదా? రోజూ నన్ను మా చెల్లెలు సంపూర్ణమ్మ ఇంటి దగ్గర దింపుతానన్నావు.”

“రోజూ అన్లేదు. వారానికోసారి అన్నా.”

“అదేలే. పావుగంట అయిందా?”

“ఇప్పుడే విప్పాను.”

“ఈలోగా మజ్జిగ తాగు.”

“వద్దత్తయ్యా.”

“తాగు. ఎందుకంత కంగారు?”

“కంగారుండదా మరి? ఉయ్యూరు దాకా సీటు దొరకదు. నిలబడి నిలబడి వెళ్ళి, క్లాసులో మళ్ళీ నిలబడాలి. నాకా తాళం కావాలత్తయ్యా. అంతే.”

“వస్తుందిలే. తాగు ముందు.”

“…”

“ఇప్పుడయిందా?”

“అయింది. బిగించేశా. జరగండి, స్టార్ట్ చేస్తా. ఆరిందత్తయ్యా. చూడండి, లేదు.”

“దుర్గమ్మ తల్లీ. గడియారమేంటే, పన్నెండు చూపిస్తోంది?”

“అది తర్వాత సరిచేస్తాలెండి. సందు చివరిదాకా వెళ్ళొస్తా.”

“మెల్లిగా.”

“…”

“ఏమే, వెళ్ళినదానివి వెళ్ళినట్టే వచ్చావు? మొహం అలా ఉందేం?”

“మళ్ళీ వెలిగింది.”

“అయ్యో.”

“లోపల నిజంగా ఏదైనా చెడితే మళ్ళీ వస్తుందని అన్నయ్య అప్పుడే అన్నాడు. నేనేం చేశానత్తయ్యా? దేనికీ గుద్దలేదు. గుంటలో దింపలేదు. నిన్న సాయంత్రం దాకా ఈ లైటే లేదు.”

“ఇంకో గ్లాసు మజ్జిగ తెస్తా.”

“ఆగండి. ఎందుకటు చూస్తున్నారు?”

“ఎటూ చూట్లేదు.”

“అత్తయ్యా.”

“పొద్దున కొంచెం తుడిచా.”

“ఏం తుడిచారు?”

“శుక్రవారం కదా అని. స్టీరింగు ముందు ముళ్ళు తిరిగే అద్దం ఉందే, అది. తడిగుడ్డతోనే, నీళ్ళేం పొయ్యలేదు. కుంకుమ పెడదామని చూస్తే అక్కడప్పటికే బొట్టుబిళ్ళ అంటించుంది. గోటితో గీకితే గానీ రాలేదు. తడి లోపలికి దిగి లైటొచ్చిందేమోనని పొద్దుట్నుంచీ ఒకటే భయం.”

“బొట్టుబిళ్ళా?”

“నల్లది. నీదే. నల్ల బొట్టు పెట్టుకోకే, ఇంటికి మంచిది కాదు అని నెత్తీ నోరూ కొట్టుకున్నా వినవు. కార్లో కూడా అంటించావా అని ఒళ్ళు మండింది.”

“నేను అంటించలేదు. నల్ల అద్దం మీద నల్ల బిళ్ళ, అసలు నా కంట్లో పడితేగా. ఎక్కడుందది? సరిగ్గా చూపించండి.”

“ఇక్కడ. ఇదిగో, ఇప్పుడు వెలుగుతోందే, దీని మీద.”

“దీని మీదే?”

“సరిగ్గా దీని మీదే.”

“పోయిన నెల బీరువా అద్దం మీద అంటించిన బిళ్ళల్లో ఒకటి తగ్గింది, మీరు తీశారా అని అడిగా. గుర్తుందా?”

“నల్లది నేనెందుకు తీస్తా? ఆగాగు. పోయిన నెల ఈ కారు తోలింది…”

“ఒక్కరే.”

“నా కొడుకు సూరిగాడు.”

“ఒక్క లైటు వెలగలేదన్నారుగా.”

“దొంగవెధవ. వాడి నాన్న కూడా ఇంతే, గొడుగు పోగొట్టుకొచ్చి ఆఫీసులో ఎండబెట్టానని చెప్పేవారు. సర్లే, రైలు టైమవుతోంది. మళ్ళీ బ్యాటరీ విప్పుదామా?”

“వద్దు. వెలగనివ్వండి. నేనే స్టేషనుకి తోలుకెళ్తా. పక్కసీట్లో కూర్చోబెట్టి తీసుకొస్తా. ఆ బిళ్ళ పారేశారా?”

“లేదు, గుమ్మానికి అంటించా. దేనికి?”

“పెట్టుకుని వెళ్తా. మీకిష్టం లేదని తెలుసు, ఈ ఒక్కసారికీ ఏమనకండి.”

“దాని గమ్ము పోయింది, నిలవదు. బిళ్ళల అట్ట పట్రా. పెద్దవి చూసి రెండు తియ్యి. ఒకటి నీకు నేను పెడతా, ఒకటి నాకు నువ్వు పెట్టు. స్టేషనుకి నేనూ వస్తున్నా.”