తరన్నుమ్ గీసిన శంఖం

సౌదీలో, ఎర్రసముద్రం ఒడ్డున రాబిగ్ ఊళ్లో ఎదురెదురు ఇళ్లు. కర్నూలు అమ్మాయి తరన్నుమ్ బల్ల మీద బొమ్మ ఆరబెట్టుకుని కూర్చుంది. నిజామాబాదు సరళ తలుపు తోసుకుని వచ్చింది.

“అబద్ధమాడకు తరన్నుమ్. ఆ శంఖం యాడ దాచినవ్?”

“దాచేదేముంది సరళక్కా? కిటికీలో ఉండాది. మా అబ్బా సముద్రం కాడ ఏరుకొచ్చినాడు. దాన్ని చూసే గీసినా. అక్కా, అక్కా, చెయ్యి తియ్! సిరా ఇంకా ఆరలేదు.”

“బొమ్మ నాకెందుకే, శంఖం కావాలె. ఇందాక నువ్వు వాట్సాప్‌ల బొమ్మ పెట్టంగనే గుర్తుపట్టిన. మా ఆయనకు గూడ చెప్పిన, వచ్చేటప్పుడు కొబ్బరికాయ పట్కరమ్మని.”

“గవ్వకి కొబ్బరికాయా?”

“గవ్వనా! దక్షిణావర్త శంఖం తల్లీ. అన్ని శంఖాలు ఒక దిక్కు తిరిగితే ఇది ఉల్టా తిరుగుతది. ఇంట్ల ఉంటే లక్ష్మి కదలదు.”

“ఉల్టానా? ఉండు, తెస్తా... ఇదో, ఇదే.”

“ఇదేనా? దీని నోరు ఇటుంది, బొమ్మల అటుంది!”

“యా అల్లా.”

“ఏమైందే?”

“ముందు ట్రేసింగ్ కాయితం మీద గీసినా అక్కా. వెనక పెన్సిల్ రుద్ది, మంచి కాయితం మీద పెట్టి, గీతల మీదనే మళ్ల గీయాల. నేను బద్ధకానికి బోర్లా పెట్టి గరిటెతో రుద్దేసినా.”

“రొట్టె తిప్పినట్టు తిప్పినవ్.”

“దాని మీద పాళీతో సిరా. నీడంతా చుక్కలే, మెడ పట్టేసింది. సిరా చెరిపితే పోదు. సాయంత్రం అచ్చుకి పోవాల! శంఖాల పుస్తకం ఏసే ఊర్మిల మేడమ్, దాంట్లో నా పేరు ఏస్తానని మాటిచ్చింది. అమ్మీ కర్నూలంతా చెప్పేసింది.”

“అయితే నోరు మూస్కో. ఎవలు జూస్తరు? నాకైతే దేవుని పిచ్చి గాబట్టి చూసిన.”

“సముద్రం సదివినోళ్ల పుస్తకం అక్కా అది!”

“అద్దంల చూసి గీసిన అని—”

“అక్కా!”

“సరే, సరే. ఫోన్ చెయ్. నేను పక్కన కూసుంట.”

“నమస్తే మేడమ్... ఆఁ, అయిపోయింది. కాదు, అయిపోలేదు. శంఖం తిరగబడింది... లేదు, పగల్లేదు మేడమ్. బొమ్మలో... ఆఁ, బోర్లా పెట్టినా... ఆఁ... ఆఁ... మేడమ్, నవ్వతా ఉండారా?”

“నవ్వుతుందా? తిడ్తలేదా?”

“ష్! సరే మేడమ్... సరే.”

“పెట్టేసినవేంది? ఏమన్నది?”

“పాతకాలంలో రాగిరేకుల మీద బొమ్మలు చెక్కేటోళ్లు గూడా ఇదే తప్పు చేసేటోళ్లంట. చూసింది చూసినట్టే చెక్కితే అచ్చులో తిరగబడేదంట. అట్లాంటి శంఖాలు పాత పుస్తకాల్లో ఉండాయంట.”

“చూసినవా! గంత పెద్దోళ్లే చేసిన్రు. మరి నీ బొమ్మ?”

“ఏస్తాదంట. పేజీ నిండా.”

“పేరు?”

“పేరు గూడా.”

“మరి ఏడుపెందుకే పిచ్చిదానా?”

“పక్కన అసలు శంఖం ఫొటో పెడతాదంట. నా బొమ్మ పైన ‘ఇట్ల గీయకూడదు’ అని రాసి, కింద నా పేరు.”