మూలన ఎర్ర అక్షరాలు

చిక్కడపల్లి టీ హోటల్లో చానల్ యజమాని బావమరిది గొంతు తగ్గించాడు. ఎదురుగా న్యూస్ హెడ్, పదేళ్లు ఆటల డెస్క్ నడిపి ఆ కుర్చీకి వచ్చిన మనిషి.

“ఇవాళ్టి మంత్రిగారి సభకు పోయిన నెల జనాన్ని చూపించి, మూలన ‘లైవ్’ అని వేయమన్నాం. అంతేగా మేడం?”

“పాత మ్యాచ్‌కే ఎన్నడు లైవ్ అని వెయ్యలె సార్. సభకు వేస్తనా?”

“మ్యాచ్ అయితే స్కోరు పట్టిస్తుంది. ఇది ఎవరికి తెలుస్తుంది?”

“సభకు పోనోళ్లందరికి తెలుస్తది.”

“బావగారు మిమ్మల్ని రేపట్నుంచి రావద్దంటారు.”

“రేపు గదా. ఇయ్యాల హెడ్‌ని నేనే.”

ఆమె టీ ముగించి గోడమీది టీవీ చూపించింది. వాళ్ల చానలే. మంత్రి ప్రసంగిస్తున్నాడు. ఎదురుగా వరసలకు వరసలు ఖాళీ కుర్చీలు. మూలన ఎర్రగా, లైవ్.